దురద లేని నల్లేరు

మా అప్ప తుమ్మింది. అంతే. కింద పడలేదు, కాలు జారలేదు, ఎవరూ తోయలేదు. ఆదివారం పొద్దున్న బరంపురంలో మా వంటింట్లో నేను పోపుకి ఎండుమిరపకాయలు వేయిస్తున్నాను. నన్ను చూడ్డానికొచ్చి గుమ్మంలో పీట మీద కూర్చున్న అప్పకి ఆ ఘాటు తగిలి ఒక్క తుమ్ము తుమ్మింది. వెంటనే "ఓలమ్మో" అని ఒక్క కేక పెట్టింది. ఆ కేకకి నా చేతిలో గరిటె ఎగిరి పొయ్యి వెనక పడింది.

తుమ్మితే ఊడే ముక్కు అని మనం సామెతలు వాడేస్తూ ఉంటాం. తుమ్మితే విరిగే వెన్నెముక కూడా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. సిగ్గులేకుండా నవ్వాను కూడా. "ఏటే అప్పా, తుమ్ముకే ఇంత గోలా? పెద్ద హీరోయిన్‌వి అయిపోనావు" అన్నాను. అప్ప మొహంలో నెత్తురు చుక్క లేదు. లేవబోయి, లేవలేక, చెయ్యి చాపి నా కొంగు పట్టుకుంది. ఎవరి ఆసరా పట్టని మనిషి నా కొంగు పట్టుకునేసరికి గబుక్కున పొయ్యి కట్టేశాను.

మా ఇళ్ళల్లో అక్కని అప్ప అంటాం. మాది చేపల పేట, రుషికుల్య ఏరు సముద్రంలో కలిసే చోటికి దగ్గర. తాతల కాలంలోనే ఇటొచ్చి పాతుకుపోయిన తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, గడప దాటితే ఒడియా. మగవాళ్ళు వేటకి వెళతారు, ఆడవాళ్ళు చేపలు గంపకెత్తుకుని ఊళ్ళమ్మట అమ్ముతారు. అప్ప నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. పన్నెండో ఏట గంప నెత్తికెత్తుకుంది, నేను బరంపురంలో తెలుగు బడికి పంతులమ్మనయ్యేదాకా దించలేదు. ఆ తరవాత కూడా దించలేదనుకోండి, అలవాటైపోయింది. నా చదువంతా ఆ నెత్తి మీదే సాగింది.

నిండు గంపని ఎవరూ ఒంటిగా నెత్తికెత్తుకోలేరు. ఇంకొకరు చెయ్యి వెయ్యాలి. మా పేటలో దానికో పట్టింపు ఉంది. పొద్దున్నే మొదటి గంప ఎవరు ఎత్తితే ఆ రోజు బేరం వాళ్ళ చేతి చలవే. కడుపులో కుళ్ళున్నవాళ్ళ చేత చచ్చినా ఎత్తించుకోరు. అప్ప నా చేతే ఎత్తించుకునేది. పొడుగు మనిషి కదా, నాకు అందేది కాదు. పడవ అంచెక్కి నిలబడి ఎత్తేదాన్ని. పెద్దయ్యాక కూడా నా తల అప్ప చెవి దాకానే వచ్చేది. "నా సెల్లి సెయ్యి సల్లని సెయ్యే" అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకునేది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. తరవాత నాకు అదే నిప్పు కణికై తగిలింది.

నలభై నిండకుండానే అప్పకి గర్భసంచి తీయించేశారు. ఏదో నొప్పి అంటే తీసెయ్యమన్నారు, తీయించేసుకుంది. మా పేటలో సగం మంది ఆడవాళ్ళది అదే కథ. "నెలనెలా పీడ వదిలిపోనాదే" అని సంబరపడింది. వయసుతో ముట్లుడిగినా, కోసి ఉడిగించినా, అక్కణ్ణుంచి ఆడదాని ఎముకలు గుల్లబారడం మొదలవుతుందని మాలో ఎవరికీ తెలీదు. మా అమ్మకి మాత్రం కారణం తెలియకపోయినా సంగతి తెలుసు. ముట్లుడిగిన ప్రతి మనిషికీ నల్లేరు పచ్చడి పెట్టేది.

దడి మీద పాకిన నల్లేరులో లేత కణుపులు మాత్రం తెంపి, చేతులకి నూనె రాసుకుని, ఈనెలు తీసి, నూనెలో బాగా మగ్గనిచ్చి, చింతపండు వేసి రుబ్బేది. ఎంత నూనె రాసుకున్నా దురదే. సరిగ్గా మగ్గకపోతే గొంతంతా దురదే. చిన్నప్పుడు నేను గోలపెడితే అమ్మ అనేది, "దురద నేకపోతే అది నల్లేరు ఎలాగవుద్దే, ఉత్త తీగ." పక్కవీధి ఒడియా వాళ్ళు దాన్ని హాడభంగా అనేవాళ్ళు, విరిగిన ఎముక అని. వాళ్ళూ నడుం నొప్పికి మా దడి మీదే కోసుకెళ్ళేవాళ్ళు.

అమ్మ పోయింది. తీగ అలాగే దడి నిండా పెరిగింది, కోసేవాళ్ళే లేకపోయారు. నిరుడు చలికాలంలో అప్ప ఫోను చేసింది. "ఒలే, నడుం పట్టీసింది. గంప కింద తల పెడితే కళ్ళు తిరిగిపోతన్నాయి. గంప ఎత్తుకోనేకపోతే నానేటి సెయ్యాలి సెప్పు? కూకుని కోడలి మొకం సూస్తానా?" అంది. గొంతులో ఏడుపుంది. అప్ప గొంతులో ఏడుపు నేనెప్పుడూ వినలేదు.

నేను ఏం చెయ్యాలి? ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. చదువుకున్నదాన్ని, ఆస్పత్రి పక్క సందులో ఉంటున్నదాన్ని. కానీ నాకు ఇంగ్లీషు మందులంటే చులకన. సాటి టీచర్ల దగ్గర మూలికల గురించి ఉపన్యాసాలు దంచేదాన్ని. మా అమ్మ వైద్యం, మా అమ్మ నల్లేరు అని ఒకటే గొప్ప. పోనీ ఆ నల్లేరైనా కోసి రుబ్బానా? లేదు. బడి, ట్యూషన్లు, తీరిక లేదు. చేతులు దురద పెడతాయని బద్ధకం కూడా. ఉన్నమాట చెప్పాలి కదా.

చైత్రంలో ఒక మంగళవారం కొండ మీద అమ్మవారిని చూసుకుని వస్తూ పురుషోత్తంపూర్‌లో బస్సు కోసం నిలబడ్డాను. రోడ్డు వార గుడ్డ పరుచుకుని ఒకాయన వేళ్ళూ బెరళ్ళూ తీగలూ అమ్ముతున్నాడు. మధ్యలో పచ్చటి నల్లేరు తీగ చుట్టలు చుట్టి పెట్టాడు. దాని పక్కన ప్లాస్టిక్ డబ్బాల్లో మిరియాల కన్నా కాస్త పెద్దవి, నల్లటి మాత్రలు. "ఖాంటి హాడభంగా, మావుసీ" అన్నాడు. కల్తీ లేదు పిన్నీ అని. డబ్బా మీద పేరూ లేదు, ఊరూ లేదు. అదీ నాకు మంచి గుర్తులాగే కనిపించింది. కంపెనీ సరుకు కాదు, చేత్తో చేసినది అని మురిసిపోయాను. ఒకటి నోట్లో వేసుకుని కొరికి చూశాను. చేదు, వగరు. దురద మాత్రం లేదు. "దురద లేదేంటి?" అని అడిగాను. "శుద్ధి చేశాం కదా, మావుసీ" అన్నాడు. ఎంత శ్రద్ధ, ఎంత పనితనం అనుకున్నాను. మా అమ్మ మాట నోటికి కంఠతా వచ్చు నాకు. ఆ క్షణంలో మాత్రం గుర్తుకు రాలేదు.

"పొద్దునొకటి, సాయంత్రం ఒకటి ఏసుకో. ఇంక నీ బతుకు నల్లేరు మీద బండి నడకే" అని అప్ప చేతిలో పెట్టాను.

వారం తిరక్కుండా అప్ప నుంచి ఫోను. "ఒలే! మంతరం ఏసినట్టు పోనాదే నొప్పి! నిన్న పెద్ద గంప ఎత్తాను!" అని అరుస్తోంది. నేను గాల్లో తేలిపోయాను. నెలకోసారి పురుషోత్తంపూర్ వెళ్ళి డబ్బాలు తెచ్చేదాన్ని. గంప మోసేవాళ్ళు ఇంకో నలుగురు అప్పని అడిగారు. అప్ప ఇచ్చింది. "నా సెల్లి మందు" అని ఇచ్చింది. పంతులమ్మ తెచ్చిన మందు కదా అని వాళ్ళు కళ్ళకద్దుకుని మింగారు. నేను పేటకి వెళ్తే ఆ నలుగురూ నాకు కుర్చీ వేసేవాళ్ళు.

అప్ప ఒళ్ళు చేసింది. బుగ్గలు పూరీల్లా పొంగాయి. నిగనిగలాడుతోందని మురిసిపోయాం. చేతుల మీద అక్కడక్కడా కమిలిన మచ్చలు వస్తే గంప తగిలిందేమో అనుకున్నాం. ఇంకోటి చెప్పాలి. చేపలమ్మే ఆడవాళ్ళు చీర పిక్కల మీదికి ఎగ్గట్టుకుంటారు, నీళ్ళల్లో నడవాలి కదా. అప్ప చీర అంచు రానురాను మడమల దాకా దిగిపోయింది. ఒకసారి కుచ్చిళ్ళు కాలి కింద పడి తూలింది. "ఈ వయసులో షోకు ఎక్కువైపోనాదే నీకు" అని నేను ఏడిపించాను. అప్ప విసుక్కుంది. "ఎప్పట్లాగే కడతన్నానే. ఈ సీరే సాగిపోతంది" అంది. చీర సాగుతుందా ఎక్కడైనా? నేను సైన్సు కూడా చెబుతాను బళ్ళో!

ఆ తుమ్ము రోజు ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. గుంత తగిలినప్పుడల్లా అప్ప నా చెయ్యి నొక్కేది. ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ దాన్ని వెలుగుకి పెట్టి చూసి, నన్ను దగ్గరికి పిలిచారు. ఇటుకల వరసలా ఉండాల్సిన వెన్నుపూసల్లో మూడు నలిగిపోయి ఉన్నాయి. ఒకటి కాదు, మూడు. "ఇదొక్కటే ఇవాళ్టిది. మిగతా రెండూ ఎప్పుడో విరిగాయి. ఇంత నొప్పిని ఈవిడ ఎలా భరించింది? ఏ మందులు వాడుతోంది?" అని ఒడియాలో అడిగారు.

అప్ప సంచిలోంచి డబ్బా తీసి నేనే ఇచ్చాను. గర్వంగానే ఇచ్చాను. "అన్నీ మూలికలే మేడమ్. నల్లేరు" అన్నాను.

ఆవిడ ఒక మాత్ర అరచేతిలో దొర్లించి చూశారు. అప్ప మొహం కేసి, మెడ వెనక పెరిగిన కండ కేసి, చేతుల మీది మచ్చల కేసి చూశారు. "నల్లేరు ఒక వారంలో నొప్పి తీసెయ్యదమ్మా. మొహం ఇలా ఉబ్బించదు. ఇందులో స్టెరాయిడ్ పొడి కలిపినట్టున్నారు. రక్తపరీక్ష చేసి ఖాయం చేసుకుందాం. అది నొప్పి తెలియనివ్వదు, లోపల్నుంచి ఎముకని తినేస్తుంది. అసలే ఎప్పుడో గర్భసంచి తీసేసిన మనిషి. గుల్లబారిన ఎముక మీద దీన్ని పోసి, పైన గంప పెట్టారు" అన్నారు.

ఎముక కోసమని నేను పెట్టిన మందు ఎముకని తిందా? నేను పెట్టిన మందా? నొప్పి పోయిందని మేం పండగ చేసుకున్న రోజుల్లోనే లోపల అప్ప వెన్ను విరుగుతోందా? చీర సాగలేదు. మనిషి కుంగిపోయింది. నేను దాన్ని చూసి పరాచికాలాడాను.

"ఎక్కడివివి? ఎవరిచ్చారు?" అని డాక్టరమ్మ అడిగారు.

"ఏమో మేడమ్... ఊళ్ళో ఎవరో అమ్ముతుంటే కొనుక్కున్నట్టుంది" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. రేపు కూడా ఆ నోటితోనే అబద్ధమాడరాదు అని పిల్లలకి చెప్పాలి. అన్నాక నేనే నివ్వెరపోయాను. అయినా వెనక్కి తీసుకోలేదు.

డాక్టరమ్మ మంచం మీదున్న అప్ప వైపు తిరిగి అందుకున్నారు. "ఎవరేది ఇస్తే అది మింగేయడమేనా? ఇంత చదువుకున్న చెల్లెలు ఉంది కదా, ఆమెనైనా ఒక్క మాట అడగొద్దా?" అని గట్టిగా మందలించారు. అప్పకి ఒడియా నాకంటే బాగా వచ్చు. నా అబద్ధం విన్నది. నా కేసి ఒక్కసారి చూసింది. డాక్టరమ్మతో ఒడియాలోనే మెల్లగా చెప్పింది, తనే కొనుక్కున్నానని, చెల్లెలికి తెలిస్తే తిడుతుందని దాచుకుని తిన్నానని.

నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

రక్తపరీక్షలో డాక్టరమ్మ అనుకున్నదే తేలింది. అప్పని వార్డులో పెట్టారు. ఆ మాత్రలు ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి వస్తుందట. అలాంటి స్టెరాయిడ్ ఒంట్లో స్వతహాగా తయారవ్వడం ఆగిపోయి ఉంటుందట. అందుకని వేరే మాత్ర కొలతగా రాసి, నెలల తరబడి తగ్గించుకుంటూ రావాలన్నారు. ఎముకకి ఇంజెక్షన్లు, కాల్షియం, నడుంకి బెల్టు. గంప మాత్రం ఇంక ఈ జన్మకి లేదన్నారు. ఆ మాట నేను చెప్పక్కర్లేకుండానే అప్ప వినేసింది. గోడ వైపు చూస్తూ పడుకుంది.

మర్నాడు పొద్దున్న గంజి తాగిస్తూ అడిగాను. "ఎందుకే అలగన్నావు?"

"మరేటనాలి? నువ్వు పంతులమ్మవి. పదిమందికీ సెప్పేదానివి. నాదేటుందే, సేపల్దాన్ని. నన్ను తిడితే నాకేటవుద్ది?" అంది.

"నీ నడుం ఇరగ్గొట్టింది నానే కదే అప్పా."

"ఊరుకో. నువ్వు సెడ్డకి తెచ్చావేటి? నీ సెయ్యి సల్లని సెయ్యి" అని నా చెయ్యి పట్టుకోబోయింది. నేను లాగేసుకున్నాను. కోపమొచ్చింది నాకు, అప్ప మీద కూడా. ఇంత మంచితనం మనిషిని చంపేస్తుంది. గంజి గిన్నె బల్ల మీద పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాను.

ఉన్నట్టుండి అప్ప మొహం మారిపోయింది. "ఒలే! ఆ నలుగురో?" అంది.

నలుగురు. నా చేతి డబ్బాలే. అప్పటికప్పుడు వార్డు బయటికి వెళ్ళి ఫోన్లు చేశాను. వాళ్ళు నమ్మలేదు. ఒకామె నవ్వింది కూడా. "మీ అప్ప ఎక్కడో పడిపోయుంటాది పంతులమ్మా. మందు మీదకి తోస్తారేటి?" అంది. ఆపేయకండి, వెంటనే ఆస్పత్రికి రండి అంటే ఇంకా అయోమయంలో పడ్డారు. తినొద్దంటావు, మానొద్దంటావు, ఏటి పంతులమ్మా నీ తిరకాసు అన్నారు. రోజూ చేశాను. ఒక్కరూ రాలేదు.

పదో రోజున అప్పని ఇంటికి పంపించారు. మా ఇంటికి వద్దు, ముందు పేటకే అంది. కారు మాట్లాడి మెల్లగా తీసుకెళ్ళాను. పడవలొచ్చే వేళ. ఆ నలుగురూ ఒడ్డునే గంపలు సర్దుకుంటున్నారు. నేను మళ్ళీ మొదణ్ణుంచి చెప్పాను. అందరిలో పెద్దావిడ గంప మీంచి చెయ్యి తియ్యకుండానే అంది, "అవి తిన్నాకే కదా పంతులమ్మా గంప ఎత్తతన్నాం. ఒగ్గీమంటే ఒగ్గీగలం. కూడెవులు పెడతారు?"

నేను కారు కేసి చూశాను.

అప్ప కారు దిగింది. బెల్టు మీద చెయ్యి వేసుకుని ఇసకలో అడుగులో అడుగేసుకుంటూ వచ్చింది. చీర అంచు ఇసకలో ఈడుస్తోంది. "సెల్లీ, ఇలా రా. నా పక్కన నిలబడు" అంది. వెళ్ళి నిలబడ్డాను. ఎంత చేతనైతే అంత నిటారుగా నిలబడింది. నొప్పికి పెదవి కొరుక్కుంటూనే నిలబడింది.

"సూడండే" అంది వాళ్ళతో. "దీని తల నా సెవి దాకా ఒచ్చీది. మీకు తెలుసు కదా? ఇప్పుడు సూడండి."

వాళ్ళు చూశారు. నేనూ తల తిప్పి చూశాను. మా అప్ప పాపిట కనబడింది. నెరిసిన పాపిట, గంప కింది గుడ్డ చుట్ట ఒరిసి ఒరిసి జుట్టు ఊడిపోయిన నడినెత్తి. పుట్టి బుద్ధెరిగాక నేను మా అప్ప నడినెత్తిని పైనుంచి చూడటం అదే మొదటిసారి. ఇందాక కూడెవులు పెడతారన్న పెద్దావిడ మెల్లగా వంగి తన చీర అంచు చూసుకుంది. మడమల మీద ఉంది.

సోమవారం ఐదుగురినీ రెండు ఆటోల్లో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ ముందు నాలుగు డబ్బాలు వరసగా పెట్టాం. ఆవిడకి కోపం నషాళానికంటింది. "మళ్ళీ ఇవేనా? పేట పేటంతా తింటున్నారా? ఎవరు పంచారివి?" అన్నారు.

నలుగురూ తలలు దించుకున్నారు. అప్ప ఒక అడుగు ముందుకేసి, "నేనేనండీ" అని మొదలుపెట్టింది.

"కాదు మేడమ్" అన్నాను. "నేను. మా అక్కకి తెచ్చిందీ నేనే, వీళ్ళందరికీ తెచ్చిందీ నేనే. ఆ రోజు మీతో అబద్ధం చెప్పాను."

అప్ప వెనకనుంచి నా జబ్బ మీద గిల్లింది, ఊరుకోమని. డాక్టరమ్మ రాస్తున్న కలం ఆపి, కళ్ళజోడు తీసి నన్ను చూశారు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది.

"మీరు టీచరు కదూ?" అన్నారు.

అవునన్నాను.